వాల్యూమ్ ఫుల్ పెట్టినా చాలట్లేదు, ఈ లిమిట్ తీసేసే దారి ఉందా?

తంబురశ్రుతి · సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది తక్కువ. ఈసారి ఒళ్లు మండి రాస్తున్నాను.

పోయిన నెల కొత్త మ్యూజిక్ ప్లేయర్ కొన్నాను. ఫోన్ కాదు, పాటల కోసమే చేసిన బుల్లి ప్లేయర్. కంపెనీ పేరు వద్దులెండి. ఎప్పటినుంచో ఉన్న 300 ఓమ్‌ల (అంటే కరెంటుకి అడ్డు ఎక్కువుండే) పెద్ద హెడ్‌ఫోన్ దానికి తగిలించి వింటున్నాను. వాల్యూమ్ చివరిదాకా పెట్టినా పాత లైవ్ రికార్డింగుల్లో వయొలిన్ ఎక్కడో పక్కింట్లో వాయిస్తున్నట్టే ఉంటుంది. దానికి తోడు సగం దాటగానే తెర మీద పసుపు పెట్టె ఒకటి వచ్చి కూర్చుంటుంది, ఎక్కువ శబ్దంతో ఎక్కువసేపు వింటే వినికిడి దెబ్బతింటుందని. 'సరే' నొక్కితే పోతుంది. కొన్నాళ్లకు మళ్లీ ప్రత్యక్షం. నిన్న రాత్రి ప్లేయర్ జేబులో ఉండగా వచ్చింది. నేను చూసుకోలేదు. బటన్ ఎంత నొక్కినా శబ్దం పెరగదు! పాడైందనుకుని రెండుసార్లు రీస్టార్ట్ చేశాను.

చెవులు నావి, డబ్బు నాది, మధ్యలో ఈ పెత్తనం ఎవరిది? తీసేసే దారి తెలిస్తే చెప్పండి, పుణ్యముంటుంది.

---

వాల్యూమ్‌వీరుడు · సోమవారం, రాత్రి 9:58

సింపుల్ బ్రదర్. సెట్టింగ్స్‌లో రీజియన్ మార్చి చూడు. చాలా ప్లేయర్లలో యూరప్ అని ఉంటేనే ఈ గోల. నా దగ్గర పాత శాన్సా క్లిప్ ఉండేది. రీసెట్ చేసి ఆన్ చేస్తే ఏ ప్రాంతం అని అడిగేది. యూరప్ అంటే గొంతు తగ్గించుకునేది, మిగతా ప్రపంచం అంటే పెంచుకునేది. అదే ప్లేయర్, అదే చిప్పు!

రీజియన్ కనపడకపోతే రాక్‌బాక్స్ లాంటి ఫర్మ్‌వేర్ (ప్లేయర్‌ని లోపల నడిపించే సాఫ్ట్‌వేర్‌కి బదులు వేసుకునేది) నీ మోడల్‌కి ఉందేమో వెతుకు.

---

కోడ్‌కోతి · సోమవారం, రాత్రి 10:15

నీది ఆండ్రాయిడ్ మీద నడిచే ప్లేయర్ అయితే ఆ పసుపు పెట్టె సంగతి నాకు బాగా తెలుసు. మీడియా వాల్యూమ్‌కి మామూలుగా 15 మెట్లుంటాయి. హెడ్‌ఫోన్ పెట్టినప్పుడు పదో మెట్టు దగ్గర గేటు. 'సరే' నొక్కితే గేటు తెరుచుకుంటుంది, లోపల ఒక గడియారం మొదలవుతుంది. ఆ గేటు పైన నువ్వు విన్న సమయాన్ని అది లెక్కపెడుతూ ఉంటుంది. మొత్తం 20 గంటలు కాగానే గేటు మళ్లీ మూసేసి, వాల్యూమ్‌ని కిందికి దించి, ఇంకోసారి అడుగుతుంది. నిన్న రాత్రి జరిగింది అదే. ప్లేయర్ పాడవలేదు, దానికి లెక్క పూర్తయింది, అంతే.

ఫోన్లలో అయితే సిమ్ ఏ దేశానిదో చూసి ఈ గేటు పెట్టాలా వద్దా అని తేల్చుకునే పద్ధతి కూడా ఉంది. ఒక మిత్రుడు ప్రయాణంలో సిమ్ మార్చి, 'ఫోన్‌కి వైరస్ పట్టింది, పాట తగ్గిపోతోంది' అని నాకు అర్ధరాత్రి ఫోన్ చేశాడు.

---

పాతక్యాసెట్ · సోమవారం, రాత్రి 11:20

పెత్తనం ఎవరిదని అడిగావు కదా తమ్ముడూ, కాస్త పాత కథ చెబుతా.

ఫ్రాన్స్ 1990లలోనే ఇలాంటి ప్లేయర్లకు 100 డెసిబెల్స్ హద్దు పెట్టింది. దాని దెబ్బ ఐపాడ్‌కి 2002లో తగిలింది. హద్దు దాటుతోందని అక్కడి దుకాణాల నుంచి వెనక్కి తీసుకుని, సాఫ్ట్‌వేర్ మార్చి మళ్లీ పెట్టారు. 2006లో ఐపాడ్‌లో వాల్యూమ్ లిమిట్ అనే సెట్టింగ్ వచ్చింది, పిల్లలు మార్చకుండా అంకెల తాళంతో సహా. 2008లో యూరోపియన్ కమిషన్‌కి శాస్త్రవేత్తల కమిటీ ఒక నివేదిక ఇచ్చింది. 89 డెసిబెల్స్ పైన రోజుకు గంటకు మించి, అయిదేళ్లపాటు వినేవాళ్లకు శాశ్వతంగా వినికిడి పోయే ప్రమాదముందని, అలాంటివాళ్లు ప్లేయర్లు వాడేవాళ్లలో 5 నుంచి 10 శాతం ఉంటారని అందులో అన్నారు. దాని తర్వాత వచ్చిందే నీ పసుపు పెట్టె. యూరప్‌లో 2013 నుంచి అమలు. మామూలుగా 85 దగ్గర ఆగాలి, నువ్వు ఒప్పుకుంటే పైకి వెళ్లొచ్చు, ఎంత ఒప్పుకున్నా 100 దాటకూడదు.

ఇంకో ముచ్చట. 1979లో వచ్చిన మొట్టమొదటి వాక్‌మన్‌కి నారింజ రంగు బటన్ ఒకటి ఉండేది. నొక్కితే పాట తగ్గి, మైకు తెరుచుకుని పక్కవాళ్ల మాట వినపడేది. ఇద్దరు కలిసి వినడానికి రెండు రంధ్రాలు కూడా. చెవిలో పాట పెట్టుకున్నవాడు పక్కవాడి మాట కూడా వినాలని అప్పటివాళ్లు అనుకున్నారు మరి!

---

వాల్యూమ్‌వీరుడు · సోమవారం, రాత్రి 11:31

అన్నా, కథ బాగుంది కానీ వాడు అడిగింది లిమిట్ తీసే దారి :)

---

ఒంటిచెవి · మంగళవారం, తెల్లవారుజామున 2:07

నిద్ర పట్టక చదువుతున్నా, కాబట్టి రాస్తున్నా.

నా ఎడమ చెవిలో ఎప్పుడూ 'కీ...' అని మోత. పగలు నలుగురి మధ్య మర్చిపోతాను. రాత్రి లైటు తీసేసి దిండు మీద తల పెట్టగానే మొదలు. పాత టీవీ ఆన్‌లో ఉంటే గదిలో సన్నగా వినపడేది చూశారా, అలాంటిది. ఆపడానికి స్విచ్ లేదు.

హాస్టల్లో ఉన్నప్పుడు చదువుకోడానికి చుట్టూ గోల అడ్డమని ఇయర్‌ఫోన్స్ పెట్టి పాట పెంచేవాణ్ణి. ఎడమ చెవిదే ఎక్కువ, ఎందుకంటే కుడిది చాలా రోజులు పాడై ఉండేది. తీసిన తర్వాత కాసేపు చెవుల్లో దూది పెట్టినట్టు ఉండేది, పొద్దుటికి సర్దుకునేది. సర్దుకుంటోంది కదా అని ధైర్యం. ఒక రోజు సర్దుకోలేదు.

వినికిడి పరీక్ష చేయించాను. కాగితం మీద గీత కుడివైపు వెళ్తూ వెళ్తూ 4000 హెర్ట్జ్ దగ్గర గుంటలో పడి మళ్లీ లేచింది. పెద్ద శబ్దాల దెబ్బ మామూలుగా అక్కడే కనపడుతుందట. ఎవరైనా ఫోన్‌లో 'సీసా' అంటే నాకు 'ఈ ఆ' అన్నట్టు వినిపిస్తుంది. అచ్చులు వస్తాయి, 'స' రాదు. 'ఏంటి?' అని మూడోసారి అడగలేక నవ్వి ఊరుకుంటాను.

లిమిట్ తీసుకో, నేను ఆపను. చెవి లోపలి ఆ సన్నటి వెంట్రుకల కణాలు పోతే మళ్లీ మొలవవు, అది మాత్రం తెలిసి తీసుకో. కోళ్లకీ పిచ్చుకలకీ మొలుస్తాయట. మనకి లేదు ఆ అదృష్టం.

---

తంబురశ్రుతి · మంగళవారం, ఉదయం 8:10

ఒంటిచెవి గారూ, చదివి కాసేపు ఏమీ తోచలేదు. థాంక్స్.

కానీ నా గొడవ వేరు కదండీ. నేను పెంచి వినడం లేదు, అసలు వినపడటమే లేదు! రీజియన్ సెట్టింగ్ వెతికాను, లేదు. ఒక చిన్న హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ ఆర్డర్ పెట్టేశాను, రేపు వస్తుంది. ప్లేయర్‌కీ హెడ్‌ఫోన్‌కీ మధ్యలో తగిలిస్తే లిమిట్ గోల ఉండదుగా?

---

సోల్డర్‌పొగ · మంగళవారం, ఉదయం 10:35

ఆగండి ఆగండి. ఆ ఆంప్ గురించే మాట్లాడాలి. కొంచెం లెక్క ఉంది, ఓపిక పట్టండి.

ప్లేయర్‌కి మీ చెవిలో ఎంత మోత పడుతోందో తెలియదు. దాని చేతిలో ఉన్నది వోల్టేజి ఒక్కటే. పెట్టెలో ఇయర్‌ఫోన్స్‌తో కలిపి అమ్మితే ఆ జత మొత్తాన్ని కొలిచి 100 దాటకుండా చూస్తారు. ప్లేయర్‌ని విడిగా అమ్మితే ఏం తగిలిస్తారో ఎవరికి తెలుసు? అందుకని యూరప్ ప్రమాణంలో సగటు పాటలా ఉండే ఒక గరగర శబ్దం పెట్టి, 150 మిల్లీవోల్టులు దాటకూడదన్నారు.

ఇప్పుడు ఆ 150 మిల్లీవోల్టుల్ని 16 ఓమ్‌ల చిన్న ఇయర్‌ఫోన్‌కి ఇవ్వండి. 1.4 మిల్లీవాట్లు వెళ్తాయి. దాని సున్నితత్వం, అంటే ఒక మిల్లీవాట్ ఇస్తే వచ్చే మోత, 105 డెసిబెల్స్ అనుకుంటే చెవిలో 106 పైచిలుకు. అదే వోల్టేజి మీ 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి ఇస్తే వెళ్లేది 0.075 మిల్లీవాట్లు. సున్నితత్వం 98 అనుకుంటే వచ్చేది 87 లోపు. ఒకే ప్లేయర్, ఒకే మెట్టు, 20 డెసిబెల్స్ తేడా! ఒకరికి చెవులు చిల్లులు పడుతుంటే ఇంకొకరికి వయొలిన్ పక్కింట్లో ఉంది.

87 కూడా తక్కువేం కాదు. కానీ అది పరీక్ష శబ్దానికి వచ్చిన లెక్క. మీ లైవ్ రికార్డింగుల సగటు దానికన్నా ఏ 12 డెసిబెల్సో కిందుంటే మీకు మిగిలేది 75. మెల్లగా వాయించే చోట ఇంకా తక్కువ. చుట్టూ ఫ్యాను, రోడ్డు ఉంటే పాట వాటి కిందికి పోతుంది.

అంటే మీ ఫిర్యాదు నిజమే. మీ హెడ్‌ఫోన్‌కి ఆ లిమిట్ అన్యాయమే చేస్తోంది. అయినా ఆంప్ పెడితే ఏమవుతుందో నా అనుభవం చెబుతా. పెద్ద హెడ్‌ఫోన్ కోసం ఆంప్‌ని మూడొంతులు తిప్పి వింటున్నా. మధ్యలో ఎవరో పిలిచారు. తిరిగొచ్చి, బయటికి వెళ్లాలి కదా అని చిన్న ఇయర్‌ఫోన్స్ అదే రంధ్రంలో పెట్టి ప్లే నొక్కాను. పాట డప్పుతో మొదలైంది. వైర్లు పట్టి లాగేసేలోపు మొదటి దెబ్బ పడిపోయింది. రెండు గంటలపాటు నా గొంతు నాకే బావిలోంచి వస్తున్నట్టు వినిపించింది. ప్లేయర్ తెర మీద మాత్రం వాల్యూమ్ బుద్ధిగా సగంలోనే ఉంది. ఆంప్ పెట్టాక దాని లెక్కకీ మీ చెవికీ సంబంధం తెగిపోతుంది.

---

ఇద్దరుపిల్లలతల్లి · మంగళవారం, మధ్యాహ్నం 1:22

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. పిల్లల సంగతి కూడా చెప్పండి. మా అమ్మాయికి 85 డెసిబెల్స్ దాటదని పెట్టె మీద రాసి ఉన్న పిల్లల హెడ్‌ఫోన్ కొన్నాం. బ్లూటూత్‌లో బాగానే ఉంది. మొన్న చార్జింగ్ అయిపోతే వైరు పెట్టుకుని చూస్తోంది, పక్క గదిలో ఉన్న నాకు బొమ్మల సినిమా డైలాగులు వినపడ్డాయి. తీసుకుని నా చెవికి పెట్టుకుంటే అదిరిపడ్డాను. 'వైరు పెడితే బాగా వస్తుందమ్మా' అంది తాపీగా. దానికి ఎప్పుడో తెలుసన్నమాట!

---

సోల్డర్‌పొగ · మంగళవారం, మధ్యాహ్నం 1:50

మేడమ్, మీ అమ్మాయి ఇంజనీర్ అవుతుంది. కొన్నిటిలో హద్దు బ్లూటూత్ సర్క్యూట్‌లో మాత్రమే ఉంటుంది, వైరు పెడితే ఆ సర్క్యూట్ పక్కకి తప్పుకుంటుంది. ఇంకొన్నిటిలో హద్దు అంతా వైరులో పెట్టిన చిన్న రెసిస్టరే, మామూలు వైరు మారిస్తే అదీ పోతుంది. హద్దు హెడ్‌ఫోన్‌లోనే కాక ఫోన్‌లోనో ట్యాబ్లెట్‌లోనో కూడా పెట్టి పాస్‌కోడ్ వేయండి.

ఇంకో మాట. పిల్లలకు 85 అనేదే ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంస్థ) కలిసి 2018లో తెచ్చిన ప్రమాణంలో పెద్దలకు వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్, పిల్లలకు అదే 40 గంటలు 75 అని పెట్టారు. 85 అనేది ఫ్యాక్టరీ కార్మికుల లెక్క, రోజుకు 8 గంటల పనికి. ఆ అంకె పిల్లల బొమ్మ హెడ్‌ఫోన్ మీదికి ఎలా ఎక్కిందో మరి.

---

డెసిబెల్‌దాసు · మంగళవారం, సాయంత్రం 6:40

వారానికి 40 గంటలు అన్నారు కాబట్టి చెబుతున్నా, అసలు చూడాల్సింది ఆ గంటల్నే. 3 డెసిబెల్స్ పెరిగితే చెవిలో పడే శక్తి రెట్టింపు. కాబట్టి సమయం సగం. 80 దగ్గర వారానికి 40 గంటలుంటే 83 దగ్గర 20, 86 దగ్గర 10, 89 దగ్గర 5. 95కి వెళ్తే వారం మొత్తానికి గంటంబావు. 101 దగ్గర 19 నిమిషాలు, అంటే నాలుగైదు పాటలు, తర్వాత వారమంతా మౌనవ్రతమే.

3 డెసిబెల్స్ తేడా మన చెవికి పెద్దగా తెలియను కూడా తెలియదు. వాల్యూమ్ రెట్టింపైనట్టు అనిపించాలంటే సుమారు 10 పెరగాలి. అప్పటికి శక్తి పది రెట్లయి ఉంటుంది. చెవి మీద నమ్మకం పెట్టుకుని 'నాకు తెలుస్తుందిలే' అనుకునేవాళ్లు మోసపోయేది అక్కడే.

ఐఫోన్ ఇప్పుడు ఈ వారం లెక్కే వేస్తుంది. కోటా దాటితే నోటిఫికేషన్ పంపి వాల్యూమ్ తగ్గిస్తుంది. ఆండ్రాయిడ్‌లో కూడా 14వ వెర్షన్ నుంచి ఇలా మోతాదు లెక్కవేసే ఏర్పాటు వచ్చింది. నా దృష్టిలో ఒక అంకె దగ్గర గోడ కట్టడం కన్నా ఇది చాలా నయం. ఇష్టమైన పాటని ఒక్కసారి గట్టిగా వినొచ్చు, మిగతా వారం సర్దుకోవచ్చు.

---

వాల్యూమ్‌వీరుడు · మంగళవారం, సాయంత్రం 7:05

అందరూ డాక్టర్లయిపోయారు ఇవాళ. సరే, ఒక మాట ఒప్పుకుంటా. నేను ఫుల్ పెట్టేది బస్సులోనే. ఇంట్లో సగం కూడా అక్కర్లేదు.

---

ఒంటిచెవి · మంగళవారం, సాయంత్రం 7:30

బస్సులో నువ్వు పెంచేది పాటని కాదు తమ్ముడూ, ఇంజన్ మోతని దాటించడానికి. బయట 80 ఉంటే నువ్వు 90 పెడతావు. చెవిలో బిగుతుగా కూర్చునే సిలికాన్ బుడ్డీలున్న ఇయర్‌ఫోన్ కొనుక్కో, లేదంటే నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్నది. బయటి మోత తగ్గితే నీ వేలే వాల్యూమ్‌ని తగ్గిస్తుంది. నాకు ఈ ముక్క హాస్టల్లో ఎవరూ చెప్పలేదు. రోడ్డు దాటేటప్పుడు మాత్రం తీసెయ్.

---

తంబురశ్రుతి · బుధవారం, రాత్రి 8:55

ఫోన్‌లో డెసిబెల్ మీటర్ యాప్ వేసి, హెడ్‌ఫోన్ గిన్నెని మైకు దగ్గర పెట్టి కొలిచాను. 71 చూపించింది. అంటే నేను సేఫ్ కదా?

---

సోల్డర్‌పొగ · బుధవారం, రాత్రి 9:10

దాన్ని నమ్మకండి. గిన్నెకీ మైకుకీ మధ్య సందులోంచి సగం శబ్దం బయటికి పోతుంది, బేస్ అయితే మొత్తం పోతుంది. ల్యాబుల్లో కృత్రిమ చెవులున్న తల బొమ్మ పెట్టి కొలుస్తారు. ఇంట్లో అంతకన్నా సులువైన పరీక్ష ఉంది. మీ మామూలు వాల్యూమ్‌లో అరగంట విని తీసెయ్యండి. చెవిలో దూది పెట్టినట్టున్నా, సన్నటి మోత వినపడినా ఎక్కువైందని అర్థం. ఏమీ అనిపించకపోతే మాత్రం అంతా బాగున్నట్టు కాదు.

అది సరే, ప్లేయర్‌లో రీప్లేగెయిన్ అనే సెట్టింగ్ ఉందేమో చూశారా? పాటలన్నిటినీ ముందే కొలిచి, మెల్లగా ఉన్నదాన్ని పెంచి, గోల చేసేదాన్ని తగ్గించి ఒక మట్టానికి తెస్తుంది. కంప్యూటర్‌లో ఫైళ్లని ఒకసారి స్కాన్ చేసి ట్యాగులు రాయించాలి.

---

తంబురశ్రుతి · శుక్రవారం, రాత్రి 10:20

రెండు రోజులు పట్టింది కానీ పని జరిగింది. మొత్తం లైబ్రరీ స్కాన్ చేయించాను. ఆ వయొలిన్ రికార్డింగులకు 7, 8 డెసిబెల్స్ పెంచమని ట్యాగులొచ్చాయి. కొత్త సినిమా పాటలకైతే 10 తగ్గించమని! ఇన్నాళ్లూ ఒక ఆల్బమ్ అయ్యాక ఇంకోటి మొదలవగానే ఉలిక్కిపడి బటన్ వెతుక్కునేవాణ్ణి, కారణం ఇదన్నమాట.

ప్రీ-ఆంప్ అని ఉన్నచోట ఇంకో 3 పెంచాను. గట్టి చోట్ల శబ్దం చిట్లకుండా చూసే ఆప్షన్ కూడా ఆన్ చేశాను. తలుపు వేసి, ఫ్యాను ఆపి విన్నాను. వాల్యూమ్ చివరికి రెండు మెట్ల కింద ఉండగానే కమాను తీగ మీద ఆనే గరుకు వినపడింది. ఇంత పాత రికార్డింగులో వాయించేవారు ఊపిరి పీల్చుకోవడం కూడా ఉందని ఇవాళే తెలిసింది.

పసుపు పెట్టె మాత్రం వస్తూనే ఉంటుంది. దాని మీద కోపం పోలేదు. నా హెడ్‌ఫోన్ ఏదో చెప్పుకునే ఆప్షన్ ఇచ్చి, దాన్నిబట్టి లెక్క వేయొచ్చు కదా! చెప్పాపెట్టకుండా తగ్గించే బదులు ఒక బీప్ అయినా ఇవ్వొచ్చు. కంపెనీకి మెయిల్ రాశాను.

ఆంప్ వచ్చింది, సీల్ తీయలేదు. వెనక్కి పంపేస్తున్నాను.

---

వాల్యూమ్‌వీరుడు · శుక్రవారం, రాత్రి 10:26

పంపకు! ఏ మోడల్? నేను తీసుకుంటా.

---

ఒంటిచెవి · శుక్రవారం, రాత్రి 10:31

వీరా, నీకు 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ ఉందా?

---

వాల్యూమ్‌వీరుడు · శుక్రవారం, రాత్రి 10:33

లేదు. సరే సరే, పంపెయ్ అన్నా.